ఓడ పట్టికలో ఊరి పేరు

పితృతర్పణము విడుచువాడు తండ్రి, తాత, ముత్తాత అను మూడు తరముల పేర్లు చెప్పును. నాలుగవ తరమును గూర్చి అడిగినచో కర్తకును తోచదు, చేయించు పురోహితునకును తోచదు. శాస్త్రము మూడింటితో నిలిచినది. జ్ఞాపకమును అచ్చటనే నిలిచిపోయినది. తర్పణము లేని ఇండ్లలో అది అంతకంటె ముందే ఆగిపోవుట కలదు. వెనుకటి కాలమున ఈ లోటు తీర్చుటకు మనుష్యులే ఉండిరి. వంశరాజులను కథకులు పంటల కాలమున ఊరూర తిరిగి, ఏ ఇంటిపేరువారు ఎచ్చటినుండి వలస వచ్చిరో, ఎవరికెందరు కొడుకులో పాడి చెప్పి, గింజలు కొలిపించుకొని పోయెడివారు. గయ, కాశి క్షేత్రములలోని పండాలు యాత్రికుల పేర్లను, వారి ఊళ్లను, కొడుకులను తమ బహీలలో ఎక్కించుకొనెడివారు. ఇల్లు కదలని వారికిని, కదలినను తిరిగివచ్చు వారికిని ఈ ఏర్పాటు చాలెడిది.

సముద్రము దాటిపోయి తిరిగిరాని వారి వెంట వంశరాజు పోలేదు, పండా పోలేదు. వారి వంశావళిని వ్రాసినది రేవులోని గుమాస్తా.

1860 అక్టోబరు 12 వ తేదీన చెన్నపట్టణము రేవు విడిచిన 'ట్రూరో' అను ఓడ నవంబరు 16 వ తేదీన దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమకు రేవగు డర్బను చేరెను. అందు వచ్చిన వలస జనము 342 మంది. అది మొదలు 1911 వరకు ఒడంబడిక కూలీలుగా నేటాలు చేరినవారు 1,52,184 మంది అని లెక్క. అందు సుమారు మూడింట రెండు వంతుల వారు చెన్నపట్టణమున ఓడ ఎక్కినవారే. అరవవారును, తెలుగువారును కలిసియే పోయిరి. కొన్నియేండ్లు చెరకు తోటలలోను, బొగ్గు గనులలోను, రైలు దారిపైనను పని చేయుదుమని గీటు పెట్టిన కాగితమును 'ఎగ్రిమెంటు' అనుటకు నోరు తిరుగక 'గిర్మిటు' అనిరి. ఆ మాట నేటికిని వారి సంతతి నోట నిలిచియున్నది.

ఓడ దిగిన ప్రతి మనిషికిని ఒక సంఖ్య ఏర్పడెను. ఆ సంఖ్యకు ఎదుట పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయో పురుషుడో, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది గుర్తులు, ఏ దొర తోటకు పంపబడెనో, ఇవి వరుసగా గళ్లలో వ్రాయబడెను. ఇంటిపేరునకు గడి లేదు. తెలుగువానికి పేరుకంటె ముందు నడచునది ఇంటిపేరు. అది రేవుకట్టపైననే రాలిపోయినది. దానికి బదులు వచ్చినది సంఖ్య. కూలి ముట్టినను, పెండ్లియైనను, చనిపోయినను, తిరిగి చెన్నపట్టణమునకు పోవ దలచినను ఆ సంఖ్యయే చెప్పవలెను.

ఈ పట్టికలయందు ఒక వింత కలదు. వెనుకటి జమీందారుల ముత్తాతలకు దానశాసనములు ఉండవచ్చును, చిత్తరువులు ఉండవచ్చును. ఆ ముత్తాత ఎత్తు ఎంతయో, ఎడమ మోకాలిపై గాయపు మచ్చ ఉండెనో లేదో వారి వంశమువారు ఎవ్వరును చెప్పలేరు. నేటాలు చెరకుతోటకు కూలిగా పోయినవాని మునిమనుమడు చెప్పగలడు. పారిపోయినచో గుర్తుపట్టి పట్టుకొనుటకై వ్రాసికొన్న ఆనవాళ్లవి. వ్రాసినవాని ఉద్దేశ మేదియైనను, నేడు వాని వలననే ఒకడు తన పూర్వికుని చూచుకొనుచున్నాడు.

నేటాలు పట్టికలు దక్షిణాఫ్రికాలోని ప్రభుత్వ పత్రభాండారములలో నిలిచినవి. పండితుల పూనికచే అవి పేరునుబట్టియు, ఓడనుబట్టియు, గ్రామమునుబట్టియు వెదకుటకు వీలగు రీతిని అంతర్జాలమునకు ఎక్కినవి. ఫిజీ దీవులకు పోయినవారి 'ఎమిగ్రేషను పాసులు' సూవా నగరమున ఉన్నవి. 1879 మే 14 న 'లియొనిడాస్' ఓడ 463 మందితో అచ్చటికి చేరెను; వీరందరును కలకత్తానుండి పోయినవారు. చెన్నపట్టణమునుండి ఫిజీకి ఓడలు సాగినది 1903 తరువాత. 1916 లోపల ఇట్లు పోయిన దాక్షిణాత్యులు సుమారు 15,000 మంది. మారిషస్ కథ ఇంకను పాతది. 1834 నవంబరు 2 న 36 మందితో 'అట్లాస్' ఓడ ఆ దీవి చేరినది మొదలు దాదాపు నాలుగున్నర లక్షల మంది ఆ రేవు మెట్లెక్కిరి. ఆ మెట్లున్న 'ఆప్రవాసీ ఘాట్' 2006 లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. అచ్చటి రిజిస్టరులు మోకా పట్టణములోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపరుపబడి యున్నవి. 1860 తరువాతి దశకములలో అచ్చట కూలీలకు ఛాయాచిత్రములు కూడ తీసిరి. పచ్చబొట్టు పొడిచిన నుదురు, చెవి పోగులు, కెమెరాను ఎన్నడును చూడనివాని బెదురు చూపు, అన్నియు అందు పడినవి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరనే మారిషస్‌లో తెలుగువారిని 'కోరంగీలు' అనిరి, బర్మాలోను అంతియే. ఊరి పేరు పోయినవారికి రేవు పేరే జాతి పేరైనది.

ఈ అన్వేషణము ఉబుసుపోకకు చేయు పని కాదు. 2024 మార్చిలో మారిషస్‌కు వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఆ దీవిలోని భారతసంతతి వారిలో ఏడవ తరము వారికి సైతము ప్రవాస భారతీయ కార్డు పొందు అవకాశమును ప్రకటించిరి. ఏడు తరములను కాగితములతో అతికి చూపుట ఎంత పనియో, ఇంట మూడు తరముల కాగితములు లేని మనకు తెలియనిది కాదు. కార్డు కోరని వారును కలరు. వారికి కావలసినది ఊరి పేరు ఒక్కటియే.

ఆ ఊరి పేరే అన్నింటికంటె కష్టమైనది.

పట్టికలలో ఊళ్లు ఆంగ్ల లిపిలో ఉన్నవి. చెప్పినవాడు నిరక్షరాస్యుడు, విన్నవాడు తెలుగు రాని గుమాస్తాయై యుండవచ్చును, దానిని మరల నకలు వ్రాసినవాడు సముద్రమున కావలి ఒడ్డున ఉన్న తెల్లవాడు. శ్రీకాకుళము 'చికాకోల్' అయినది, భీమునిపట్నము 'బిమ్లిపటాం' అయినది, కాకినాడ 'కోకనాడ' అయినది. ఇవి పెద్ద ఊళ్లు కావున ఆ వికృతరూపములకును గెజెటులలో ఒక స్థిరత్వము ఏర్పడినది. తెలియుటకు కష్టము లేదు. నాలుగు గుడిసెల పల్లెకు అట్టి భాగ్యము లేదు. ఆంగ్ల లిపిలో తకారమునకును టకారమునకును భేదము లేదు. దకారమునకును డకారమునకును లేదు. ల, ళ లకు లేదు. హ్రస్వదీర్ఘములు చదువరి దయ. కోట, కోత, కొత్త అను మూడును ఒకే రూపమున వ్రాయబడవచ్చును. అందుచేత ఆ అక్షరములను కంటితో చదువుట కంటె నోటితో పలుకుట మేలు. ఆ తాలూకాలో పుట్టి పెరిగిన ముదుసలి ఎదుట కూర్చుండి, పలువిధముల పలికినచో, పండితునికి అందనిది ఆయనకు చప్పున తగులును.

ఊరి పేరు తోక కూడ కొంత చెప్పును. 'వలస'తో ముగిసినచో విజయనగరము, శ్రీకాకుళము వైపు చూడవలెను. 'పుట్టుగ' యైనచో సోంపేట, కవిటి ప్రాంతముల ఉద్దానము. 'లంక' యైనచో గోదావరీ కృష్ణల నడుమ దిబ్బలు. 'పాడు' గుంటూరు, ఒంగోలు సీమలలో ఎక్కువ, 'పల్లె' రాయలసీమలో. ఇది సూత్రము కాదు, ఊహకు ఊతకోల మాత్రమే.

ఇక జిల్లా గడిలోని పేరును చూచి ఊరు దొరికినదని సంతోషపడువారు చాలమంది మోసపోవుదురు. పట్టికలోని జిల్లా ఆనాటి జిల్లా. శ్రీకాకుళము తాలూకా ఆ కాలమున గంజాము జిల్లాలోనిది. గంజాము జిల్లా 1936 లో ఒరిస్సాకు పోయినపుడు శ్రీకాకుళము, టెక్కలి ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. 1950 లో శ్రీకాకుళము వేరు జిల్లాయయ్యెను. కావున 'గంజాము' అని చదివి బరంపురమునకు పరుగెత్తువాడు, తన తాత ఊరిని రైలు కిటికీలోనుండి దాటిపోవుచున్నాడని ఎరుగడు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1 న ఏర్పడినది. నేటాలు వలస ఆ యేటనే నిలిచిపోయినది. అందుచేత చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాల వారందరును ఆ పట్టికలలో 'ఉత్తర ఆర్కాడు' వారే. వారిని అరవవారని తలచి విడిచిపెట్టుట తరచుగా జరుగు పొరపాటు. గుంటూరు సీమవారు 1904 వరకు కృష్ణా జిల్లా వారుగను, ఒంగోలు వారు నెల్లూరు వారుగను, అనంతపురము వారు 1882 వరకు బళ్లారి వారుగను కనబడుదురు. ఆ నాటి తాలూకాల హద్దులు తెలియుటకు జిల్లా మాన్యుయలులు మిక్కిలి ఉపకరించును. విశాఖపట్టణమునకు కార్మికేలు 1869 లోను, గంజామునకు మాల్ట్‌బీ 1882 లోను, కృష్ణకు గోర్డను మెకంజీ 1883 లోను ఇట్టివి వ్రాసిరి. 2022 ఏప్రిల్ 4 న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుండి 26 కాగా ఈ చిక్కునకు మరియొక ముడి పడినది. ఊరు కదలలేదు; దాని చుట్టును ఉన్న గీతలే కదలుచున్నవి.

గ్రామపు గడి ఖాళీగా ఉన్నను, చెరిగిపోయినను, నిరాశ చేసికొన నక్కరలేదు. మనిషి పేరే ఊరి దిక్కు చూపును. తెలుగువారు బిడ్డలకు మ్రొక్కుకొన్న వేల్పు పేరు పెట్టుదురు. వేల్పునకు ఒక కొండయో కోనయో ఉండును. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలము అను పేర్లు సింహాద్రి అప్పన్న చుట్టుపట్లవి. పైడితల్లి, పైడయ్య విజయనగరపు అమ్మవారి బిడ్డలు. నూకాలమ్మ, నూకరాజు అనకాపల్లి వైపువారు. కోటయ్య యైనచో కోటప్పకొండ, పెంచలయ్య యైనచో నెల్లూరు సీమలోని పెంచలకోన, ఓబులేసు యైనచో అహోబిలము. తెలంగాణమున కొమురయ్య కొమురవెల్లిని, రాజయ్య వేములవాడను తలపించునట్లే ఇదియును. నేటాలులో 'అప్పలసామి' అను పేరు నేడు ఇంటిపేరుగా నడచుచున్నది. ఆ కుటుంబమువారు సింహాచలమును చూచి యుండరు. కాని కొండ వారిని విడువలేదు.

ఐనను పేరును నమ్ముటకు ఒక మేర కలదు. నాయుడు, రెడ్డి, శెట్టి అను బిరుదులు పరదేశమున ఇంటిపేర్లుగా మారినవి. వానిని చూచినంతనే తెలుగువారని తీర్మానించుట తగదు. దక్షిణాఫ్రికా సత్యాగ్రహమున గాంధీజీకి కుడిభుజముగా నిలిచిన తంబినాయుడు దీనికి తార్కాణము. ఆయన మారిషస్‌లో పుట్టినవాడు. తలిదండ్రులు మద్రాసు రాజధానినుండి పోయినవారు. పేరులో 'నాయుడు' ఉన్నది. గాంధీజీ తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో ఆయనను తమిళుడనియే చెప్పి, తెలుగు కూడ కొంత వచ్చునని మాత్రము వ్రాసెను. ఒక ఓడలో, ఒక తోటలో, ఒక పాకలో కలిసి బ్రతికిన వారిలో అరవమెవరిది, తెలుగెవరిది అని విడదీయుట పట్టికకు సాధ్యమైనంతగా బ్రతుకునకు సాధ్యము కాదు.

కులపు గడి ఇంతకంటె జారుడు నేల. గుమాస్తా అడిగినది ఒకటి, కూలి చెప్పినది ఒకటి, వ్రాయబడినది మరియొకటి. పనికి తీసికొనరను భయమున కులము మార్చి చెప్పినవారు ఉండిరి. ఇంటివారికి తెలియకుండ పోవుటకై పేరు మార్చి చెప్పినవారును ఉండిరి. కొందరు ఆ గడిలోని మాటను చూచి పొంగిపోవుదురు, కొందరు క్రుంగిపోయి పుస్తకము మూసివేయుదురు. రెండును తగవు. ఆ మాటకు ఉన్న విలువ ఒక్కటే. అదే గ్రామమున, అదే యేట, అదే ఓడ ఎక్కిన తోడివారు ఎవ్వరో తెలిసికొనుటకు అది పనికివచ్చును. ఒక ఊరినుండి ఒంటరిగా పోయినవారి కంటె గుంపుగా పోయినవారు మెండు. పట్టికలో తన తాత వరుసకు పైన పది పేర్లు, క్రింద పది పేర్లు చదువని వాడు పట్టికను చదివినవాడు కాడు.

స్త్రీల వరుసలు చదువునపుడు మరింత ఓర్పు వలయును. 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలైనను ఓడలో ఉండవలెనని నిబంధన ఉండెను. ఆ లెక్క పూరించుటకు దళారులు పడిన పాట్లు, చేసిన మాయలు అన్నియిన్ని కావు. వితంతువులు, మగడు విడిచినవారు, కరువున తిండిలేక పట్టణమునకు వచ్చినవారు ఆ లెక్కలో పడిరి. కొందరికి డిపోలోనే జత కుదిరినది. పాసుమీద 'ఎవరి భార్య' అను గడిలో వ్రాసిన పేరు ఆ వారమున పరిచయమైన వానిది కావచ్చును. ఆ జంట ఆ పరాయి నేలపై ముప్పది నలువది యేండ్లు ఒకరికొకరై కాపురము చేసి, బిడ్డలను పెంచి, వారికి తెలుగు మాటలు నేర్పినది అనునది కూడ ఆ రికార్డులలోనే, పెండ్లి రిజిస్టరులోను, మరణపు రిజిస్టరులోను, కనబడును. సిగ్గుపడవలసిన దేమైన ఉన్నచో అది దళారులకు చెందును.

కాలనిర్ణయమునకు ఇంటిలోని ముసలివారి మాటలు ఎట్లు పనికివచ్చునో తెలియవలెనన్నచో మన సంవత్సరముల పేర్లు తెలియవలెను. 'ధాత కరువులో పోయినాడట' అని ఒక ఇంట చెప్పుకొనుచున్నారనుకొనుడు. ధాత అనగా 1876-77. చెన్నరాజధానిని, అందును రాయలసీమను, తుడిచిపెట్టిన మహాక్షామము ఆ యేటనే మొదలైనది. ఆ తరువాతి మూడు నాలుగు సంవత్సరముల ఓడలు ముందు చూడవలెను. గుంటూరు సీమను పాడుచేసిన నందన కరువు 1832-33. బందరు ఉప్పెన రక్తాక్షి సంవత్సరము, అనగా 1864 నవంబరు 1. సుమారు 30,000 మంది ఆ ఒక్క రాత్రి పోయిరి. 'ట్రూరో' ఓడ కదలినది రౌద్రి నామ సంవత్సరము. ఐతే ఈ పేర్లు 60 ఏండ్లకొకసారి మరలి వచ్చును. రౌద్రి 1860 లోను వచ్చినది, 1920 లోను వచ్చినది. ఒక తరము అటో ఇటో పడినదన్నచో తాత పుట్టకముందే ఓడ ఎక్కినట్లు తేలును! రెవెన్యూ కాగితములలో కనబడు ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. మద్రాసు రాజధానిలో అది జూలై 1 తో మొదలగును, హైదరాబాదు రాజ్యమున అక్టోబరుతో మొదలయ్యెడిది.

నేటాలు, ఫిజీ, మారిషస్ పోయినవారికి పట్టికలైనను మిగిలినవి. బర్మా పోయినవారికి అవియు లేవు. 1937 ఏప్రిల్ వరకు బర్మా మన దేశములోని ఒక రాష్ట్రమే. కాకినాడ, విశాఖపట్టణము, కళింగపట్టణము రేవులలో స్టీమరు ఎక్కి రంగూనులో దిగువానికి పాసు లేదు, గిర్మిటు లేదు. మేస్త్రీ చేతిలోని బయానాయే ఒడంబడిక. డెక్కుమీద చాపపరచుకొని పోయినవానిని తలల లెక్కలో చేర్చిరే గాని పేరు వ్రాసికొనలేదు. అట్టివారి జాడ తీయదలచినచో పాత వార్తాపత్రికలే శరణ్యము.

బందరున 1902 లో వెలసిన కృష్ణాపత్రిక, బొంబాయిలో 1908 లో వారపత్రికగా పుట్టి 1914 ఏప్రిల్ 1 నుండి చెన్నపట్టణమున దినపత్రికగా నడచి 1991 లో ఆగిపోయిన ఆంధ్రపత్రిక, హైదరాబాదున 1926 లో సురవరము ప్రతాపరెడ్డిగారు స్థాపించిన గోలకొండ పత్రిక, ఇవి మూడును తెలుగువారి ఇండ్ల ముచ్చటలకు గనులు. వేటపాలెము సారస్వత నికేతనము, రాజమహేంద్రవరము గౌతమీ గ్రంథాలయము, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రము వంటి చోట్ల పాత సంపుటములు దొరకును. ప్రెస్ అకాడమీ వారు పెక్కు సంచికలను ఛాయాప్రతులు తీయించి అంతర్జాలమున ఉంచిరి. చేతితో ముట్టినచో పొడియగు కాగితమును ఇంటిలో కూర్చుండి చదువుట ఒక మేలే. కాని యంత్రము వెదకి పెట్టునని నమ్మరాదు. పాత సీసపు అక్షరములను, విరిగిన వత్తులను యంత్రము సరిగా పోల్చుకొనలేదు. పుట తరువాత పుట కంటితోనే త్రిప్పవలెను.

త్రిప్పువాడు సామాన్యముగా పెద్ద అక్షరముల వార్తలు చూచి మిగిలినవి దాటవేయును. కుటుంబచరిత్రకు కావలసినది ఆ మిగిలిన దానిలోనే ఉన్నది. కడపటి పుటలలో చిన్న అక్షరములతో పడు కోర్టు నోటీసులు చూడుడు. ఫలానా గ్రామ కాపురస్థుడు, ఫలానా వాని కుమారుడు, ప్రస్తుతము రంగూనులో ఉన్నట్లు తెలియుచున్నది, ఇన్నవ తేదీన హాజరు కానిచో ఏకపక్షముగా తీర్పు చేయబడును అని అందుండును. అప్పు ఇచ్చినవాని కోపము పుణ్యమా అని ఒక మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, పోయిన దేశము నాలుగు పంక్తులలో నిలిచినవి. జిల్లా గెజెటులలో శిస్తు బాకీలకు భూములు వేలము వేయు ప్రకటనలు ఇట్టివే. చందాదారుల పట్టికలు, గ్రంథాలయములకు విరాళములిచ్చిన వారి పేర్లు, 'కనబడుట లేదు' అను ప్రకటనలు, ఇవన్నియు ఒక తరము ఎచ్చట ఉండెనో చెప్పును.

పెద్ద వార్తలకు వేరొక ఉపయోగము కలదు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె చేసిరి. వారికి బదులు బర్మీయులను పనికి పెట్టి, రాజీ కాగానే వారిని పొమ్మనిరి. 26 వ తేదీన పుట్టిన కొట్లాటలలో పలువురు తెలుగు కూలీలు హతులైరి. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడిన తరువాత లక్షలాది భారతీయులు స్వదేశమునకు మరలిరి. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చిరి. 'తాత రంగూనులో గొడవలకు పోయినాడు' అను ఇంటిమాట ఏ గొడవను గూర్చి చెప్పుచున్నదో పత్రికలే తేల్చవలెను. ఆ వార్తలలో మన తాత పేరుండదు. ఆ వారము ఏ వీధిలో ఏమి జరిగెనో ఉండును. పత్రిక తేదీకిని సంఘటన తేదీకిని నడుమ కొన్ని దినములు గడచి యుండుననియు, 'నిన్న' అని వ్రాసినచో అది విలేఖరి జాబు వ్రాసిన నాటికి నిన్నయే గాని అచ్చు వేసిన నాటికి కాదనియు గుర్తుంచుకొనవలెను.

ఇక ఊరిలో మిగిలినవారి సంగతి. విదేశమునుండి కాగితము పట్టుకొని వచ్చినవాడు ఊరు చేరిన తరువాత అడుగు ప్రశ్న ఒక్కటే: మావారు ఎవరు? రైతువారీ గ్రామములైనచో సెటిల్‌మెంటు రిజిస్టరులు కలవు. ఆంగ్లమును తెలుగును ప్రక్కప్రక్కన వ్రాసిన 'డైగ్లాటు'లో సర్వేనంబరు ఎదుట పట్టాదారు పేరు కనబడును. 1858 లో ఏర్పడిన ఇనాము కమీషను వారు తయారుచేయించిన రిజిస్టరులలో ఇనాముదారుల తరతరముల వివరములు సైతము కలవు. కాని విజయనగరము, బొబ్బిలి వంటి జమీందారీలలో రైతు పేరు దొరతనమువారి పుస్తకములలో లేదు. జమీందారు కచేరీ లెక్కలలో ఉండెడిది. 1948 లో జమీందారీ రద్దు చట్టము వచ్చిన పిమ్మటనే ఆ గ్రామములు సర్కారు సర్వేకు ఎక్కినవి. కచేరీ లెక్కలు చెదలకు, వానకు, పంపకములకు చిక్కినవి చిక్కగా మిగిలినవి కొలది. ఉత్తరాంధ్రమునుండి ఓడ ఎక్కినవారి వంశము వెదకుట కష్టమగుటకు ఇది ముఖ్యకారణము.

ఎవ్వరును తలపెట్టని పుస్తకము మరియొకటి కలదు. అది పాఠశాలలోని ప్రవేశపు రిజిస్టరు. పాత బోర్డు పాఠశాలలలో, మిషను పాఠశాలలలో బీరువా అడుగున పడియున్న ఆ పుస్తకములలో పిల్లవాని పేరు, ఇంటిపేరు, తండ్రియో సంరక్షకుడో ఆయన పేరు, వృత్తి, ఊరు, ఏ కారణమున బడి మానెనో వ్రాసియుండును. 'తండ్రి బర్మాలో ఉన్నందున మేనమామ సంరక్షణ' అను రీతి మాట ఒక్కటి దొరకినను చాలును. పుట్టిన తేదీలను మాత్రము నమ్మరాదు. బడిలో చేర్చుకొనుటకు వీలగునట్లు పంతులుగారే అంచనా వేసి వ్రాసిన జూలై ఒకటవ తేదీలు ఆ పుస్తకముల నిండ కోకొల్లలు. స్థలము చాలదని పాత రిజిస్టరులను తూకమునకు వేయుట పలుచోట్ల జరిగినది. తూకపురాయి కెక్కిన ఆ పుస్తకములో ఎవరి ఇంటి నాలుగవ తరము ఉండెనో ఇక తెలియు దారి లేదు. ఒక తరగతి పిల్లలు ఒక వేసవిలో తమ బడి రిజిస్టరు మొదటి ఏబది పుటలను శుభ్రముగా నకలు వ్రాసికొనగలరు. దానికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, ప్రధానోపాధ్యాయుని అనుమతి చాలును.

ఫిజీ పాసుపైన ఒక గడి కలదు. 'దగ్గరి బంధువు' అని దాని తలకట్టు. ఓడ ఎక్కువాడు చనిపోయినచో ఎవరికి తెలుపవలెనో అందు వ్రాసిరి. సామాన్యముగా తండ్రి పేరో, అన్నదమ్ముని పేరో ఉండును. విడిచిపోవు ఊరిని, విడువబడిన మనిషిని ఒకే కాగితముపై కలిపి పట్టినది ఆ ఒక్క గడియే. చిత్తూరు సీమలోని రైతువారీ గ్రామములో ఆ తమ్మునికి రెండెకరముల చేను ఉండినచో, అదే దశకపు సెటిల్‌మెంటు రిజిస్టరులో అతడు పట్టాదారుగా దొరకవచ్చును. దొరకినచో అతని సంతతి ఏ వీధిలో ఉన్నదో చెప్పుటకు ఊరిలో ఒకరిద్దరు ఉందురు. కాని ఓడ ఎక్కిన వారిలో చాలమందికి భూమి లేదు. ఇంట మిగిలిన తమ్మునికిని లేదు. పట్టా లేదు, దస్తావేజు లేదు, బడి లేదు, ఓటు లేదు. అట్టివాని పేరు పుట్టిన ఊరిలో ఏ కాగితముమీదను దొరకక పోవచ్చును. అది సూవాలోని పాసుమీద, అన్న పేరునకు క్రింద, ఉన్నది.